ఇషాపూర్ రైఫిల్: మెరుగు పెట్టాలా, అమ్మాలా?



ఇంట్లో పాత రైఫిల్ ఒకటి ఉంటుంది. వాడేవాళ్ళు ఉండరు. లైసెన్సు మాత్రం గడువు తీరినప్పుడల్లా రెన్యూ అవుతూ వస్తుంది. మన పల్లెల్లో ఇలాంటి ఇళ్ళు ఇంకా కనిపిస్తాయి. మాదీ అలాంటి ఇల్లే. ఈ ఇళ్ళన్నిటిలోనూ ఏదో ఒక రోజు ఒకే మాట వినబడుతుంది. "కర్రకి కాస్త పాలిష్ పెట్టించి, గొట్టానికి నలుపు ఎక్కించి, కొత్తదానిలా చేసి అమ్మేస్తే పోలా?" అని.

ఆ మాటలో రెండు పనులున్నాయి. ఒకటి మెరుగు, ఇంకోటి అమ్మకం. రెండింటినీ ఒకే ముడి వేయడం దగ్గరే తిరకాసు ఉందని నా అభిప్రాయం. మెరుగు పెడితే రైఫిల్ పాడవకుండా ఉండడానికి పెట్టాలి. ధర కోసం పెడితే, పెట్టిన డబ్బు తిరిగి రాదు. చేతకానివాడి చేతిలో పడితే రైఫిలే పనికిరాకుండా పోతుంది. ఈ మాట ఎందుకంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి.

నేను మాట్లాడేది మన దగ్గర ఎక్కువగా కనిపించే 315 బోర్ రైఫిల్ గురించి. పశ్చిమ బెంగాల్లో, కలకత్తాకి ఉత్తరాన, హుగ్లీ నది ఒడ్డున ఇషాపూర్ అని ఒక ఊరుంది. అక్కడి రైఫిల్ ఫ్యాక్టరీ నూరేళ్ళకు పైబడి తుపాకులు చేస్తోంది. 2021లో ఆయుధ కర్మాగారాలన్నిటినీ కంపెనీలుగా విడగొట్టినప్పుడు అదీ ఒక కొత్త ప్రభుత్వ కంపెనీ కిందికి వెళ్ళింది. బ్రిటిష్ వారి కాలంలో అక్కడ తయారైంది ప్రధానంగా 303. జేమ్స్ పారిస్ లీ అనే ఆయన రూపొందించిన బోల్టు, ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారం పేరు, రెండూ కలిసి దాని పేరు లీ-ఎన్‌ఫీల్డ్ అయింది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ మన సిపాయిలు భుజాన మోసింది దాన్నే. ఎంత గట్టి సరుకంటే, ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి సెలవిచ్చింది మొన్న మొన్న, 2020 గణతంత్ర దినం నాడు.

సైన్యం వాడే తూటా పౌరుల దగ్గర ఉండకూడదన్నది బ్రిటిష్ వారి కాలం నుంచి వస్తున్న పట్టింపు. ఇప్పటికీ 303 మన దేశంలో నిషిద్ధ బోరే. అందుకని పౌరులకి 315 వచ్చింది. అది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్‌లిచర్ తూటా నుంచి వచ్చిన కొలత. ఇషాపూర్ వాళ్ళు ఆ తూటాకి లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టునే అమర్చి స్పోర్టింగ్ రైఫిల్ అని అమ్మారు. మా నాన్నగారు కొన్నది అదే. వేట ఇంకా నేరం కాని రోజులవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక దానికి పనే లేకుండా పోయింది. ఆ తరవాత ఆయన చేతిలో అది పేలిందల్లా గురి పరీక్షకే.

అప్పటి నుంచి ఇప్పటిదాకా రైఫిల్ పాడైందంటే పేలి పాడవలేదు. ఊరికే ఉండి పాడైంది. దీన్ని కొంచెం సాగదీసి చెబుతాను, ఎందుకంటే మెరుగు పెట్టించాలనుకునేవాళ్ళు మచ్చ ఎక్కడుందో చూస్తారు గానీ ఆ మచ్చ ఎలా పడిందో చూడరు. కారణం పోనిదే మచ్చ పోయినా మళ్ళీ వస్తుంది.

మొదటి కారణం ఎన్నికలు. పంచాయతీ, మునిసిపాలిటీ, అసెంబ్లీ, పార్లమెంటు, ఏది వచ్చినా లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పమని కబురొస్తుంది. మంచిదే, నేను కాదనను. కానీ అక్కడ ఒక గదిలో, ఒకదాని మీద ఒకటి ఆనించి, మెడకి చీటీ కట్టి పెడతారు. ఆ చీటీ కట్టిన ఇనప తీగ గొట్టం మీద గీత గీస్తుంది. వానాకాలం ఎన్నికలైతే గోడ చెమ్మ కర్రకి ఎక్కుతుంది. మా రైఫిల్ ముందు కర్ర మీద వరసగా ఉన్న గాట్లు పక్కనున్న తుపాకీ బోల్టు ఒరుసుకుని పడ్డవి. వాటికి అడవితో ఏ సంబంధమూ లేదు.

రెండో కారణం తొడుగు. కాన్వాస్ సంచీలోనో తోలు సంచీలోనో పెట్టి బీరువాలో పడుకోబెడితే భద్రంగా ఉందనుకుంటాం. ఆ గుడ్డ గాలిలో తేమని పీల్చి పట్టుకుని ఉంచుతుంది. తోలుని పదును చేసినప్పటి లవణాలు దానిలోనే ఉంటాయి. సంచీలో పెట్టిన తుపాకీకి ఎక్కడ గుడ్డ ఆనిందో అక్కడే తుప్పు మచ్చలు వస్తాయి. సంచీ మోసుకెళ్ళడానికే, దాచడానికి కాదు.

మూడో కారణం చెబితే నవ్వుతారు. దసరా. ఆయుధ పూజ నాడు మా అమ్మ రైఫిల్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు నాలుగు చుక్కలు చిలకరించేది. బోల్టు దగ్గర నిమ్మకాయ కోసి పెట్టేది. భక్తికి పేరు పెట్టలేం గానీ, నిమ్మరసం ఇనుమును తింటుంది. తడి కుంకుమ మర గాడిలో ఇరుక్కుంటే దాని కిందే తుప్పు మొదలవుతుంది. మా రైఫిల్ మడమ, అంటే వెనక కర్ర, మీద పసుపు మరక ఎంత లోతుగా ఇంకిందంటే, కర్ర అసలు రంగే అదని చూసినవాళ్ళు అనుకుంటారు. ఇప్పుడు మా ఇంట్లో పూజ ఆగలేదు. పసుపు మాత్రం ఒక తమలపాకు మీద రాసి, ఆకుని రైఫిల్ పక్కన పెడుతున్నాం.

సరే, కర్ర సంగతికి వద్దాం.

పాత కర్ర నల్లగా, జిడ్డుగా ఉంటే మొదట తేల్చుకోవాల్సింది అది మురికా, పూతా అని. చాలామటుకు మురికే. చేతి చెమట, దుమ్ము, తుపాకీ నూనె కలిసి పేరుకున్న పొర అది. మెత్తని గుడ్డని టర్పెంటైన్‌లో తడిపి తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది, కింద కర్ర పోగులు బయటపడతాయి. సగం రైఫిళ్ళకి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. అయినా ఎవరూ ఇక్కడ ఆగరు. వెంటనే ఉప్పుకాగితం అందుకుంటారు.

ఉప్పుకాగితం కర్రకి చేసే చెరుపు కంటికి వెంటనే కనిపించదు. ఫ్యాక్టరీలో కర్రనీ ఇనుమునీ కలిసే చోట సమంగా, ఒకే మట్టంగా తీరుస్తారు. ఉప్పుకాగితంతో రుద్దితే కర్ర అరుగుతుంది, ఇనుము అరగదు. మడమ చివర బిగించిన రేకు అంచు పైకి పొడుచుకొస్తుంది. పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రమవుతాయి. కర్ర మీద ఫ్యాక్టరీ వాళ్ళు కొట్టిన ముద్రలేవైనా ఉంటే చెరిగిపోతాయి. తెలిసినవాడు తడిమి చూస్తే చాలు, రుద్దిన కర్ర అని చెప్పేస్తాడు.

గాట్లని రుద్ది తీయక్కర్లేదు కూడా. దెబ్బ తగిలి నొక్కుకుపోయిన చోట కర్ర పోగులు అణిగి ఉంటాయి, తెగి ఉండవు. తడిగుడ్డ మడిచి దాని మీద వేసి, బట్టల ఇస్త్రీ పెట్టె కొసతో ఒక్క క్షణం ఒత్తితే ఆవిరి పోగుల్లోకి వెళ్ళి వాటిని ఉబ్బిస్తుంది. రెండు మూడు సార్లు ఒత్తేసరికి గుంట పైకి తేలుతుంది. స్టేషన్లో పడ్డ గాట్లలో చాలావరకు నాకు ఇలాగే పోయాయి. పోగులే తెగిన గాటు మాత్రం తేలదు. దాన్ని అలాగే వదిలేయాలి. లప్పం పెట్టి పూడ్చేవాళ్ళున్నారు, తలుపులకి పెట్టినట్టు. రెండు ఎండాకాలాలు గడిచేసరికి ఆ లప్పం రాలి, పాత గాటు కంటే అసహ్యంగా కనిపిస్తుంది.

ఇంకో జబ్బుంది. బోల్టు చుట్టూ కర్ర మెత్తబడి నల్లగా ఉంటుంది. ప్రతిసారీ గొట్టంలో నూనె ఎక్కువ పోసి, మూతి పైకి పెట్టి నిలబెట్టడం వల్ల ఆ నూనె కిందికి జారి కర్రలో చేరుతుంది. ఖనిజ నూనె కర్రలో గట్టిపడదు, ఊరుతూనే ఉంటుంది. దాన్ని లాగడానికి మేస్త్రీలు సుద్దపొడిని టర్పెంటైన్‌లో ముద్దగా కలిపి మెత్తుతారు. ఆరేకొద్దీ సుద్ద ఆ నూనెని పీలుస్తుంది. ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ చేయాలి. నూనె పెట్టాక రైఫిల్‌ని ఒక పూట మూతి కిందికి వచ్చేలా నిలబెడితే ఈ జబ్బే రాదు.

శుభ్రం అయిన కర్రకి పట్టించాల్సింది అవిసె నూనె. సైన్యం వాళ్ళూ పూర్వం నుంచి వాడింది అదే. పెయింట్ల షాపులో రెండు రకాలు దొరుకుతాయి. పచ్చి నూనె ఆరడానికి వారాలు పడుతుంది. డబుల్ బాయిల్డ్ అని అమ్మేదానిలో త్వరగా ఆరేందుకు లోహ లవణాలు కలుపుతారు. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఈ నూనె గట్టిపడుతుంది, దోసెల పెనం మీద నూనె పొర కట్టినట్టే. అందుకని కొంచెమే తీసుకోవాలి. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెయ్యి వేడెక్కేదాకా కర్రని రుద్ది, పావుగంట ఆగి, మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే అది జిగురై, దుమ్మంతా అంటుకుని కూర్చుంటుంది. మర్నాడు మళ్ళీ. అలా తోచినన్నాళ్ళు. ఇందులో తొందరపడేవాడికి ఫలితం దక్కదు.

ఒక హెచ్చరిక ఇక్కడ చెప్పితీరాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పారేయకండి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఉండ చుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోయే దారి లేక, నిప్పు ఎవరూ పెట్టకుండానే గుడ్డ అంటుకుంటుంది. తీగ మీద పరిచి ఆరేయాలి, లేదా నీళ్ళలో ముంచి పెట్టాలి.

వార్నిష్ గురించి ఒక్క మాట. అద్దంలా మెరిసే వార్నిష్ కొట్టిన రైఫిల్ మొదటి వారం అందంగా ఉంటుంది. తరవాత ఎక్కడో చిన్న పెచ్చు లేస్తుంది, దాని కిందికి తేమ దూరుతుంది, చుట్టూ తెల్లగా పొక్కుతుంది. సోఫాకి పెట్టే పాలిష్ సోఫాకే ఉంచుదాం.

లీ-ఎన్‌ఫీల్డ్ జాతి రైఫిల్‌కి కర్ర రెండు ముక్కలు. ముందు కర్ర వేరు, మడమ వేరు. మడమని లోపలి నుంచి ఒక పొడవాటి మర బిగించి పట్టుకుంటుంది. పాత సైనిక రైఫిళ్ళలో ఆ మర కొస ముందు కర్రలోని చిన్న రేకులో ఇరుక్కుని ఉంటుంది. ముందు కర్ర ఊడదీయకుండా వెనక మర తిప్పితే ముందు కర్ర నిలువునా చీలుతుంది. ఎందరో కుర్రాళ్ళు మంచి రైఫిళ్ళని చంపింది ఈ ఒక్క తిప్పుతోనే. పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బనంతా ముందు కర్రలో బోల్టు కింద ఉండే రెండు చిన్న చెక్క ముఖాలు కాస్తాయి. అక్కడ కర్ర వదులైతే చీలిక ఖాయం. ఇషాపూర్ వాళ్ళు తమ 303లకి సరిగ్గా ఆ చోట అడ్డంగా ఒక మర బిగించారు, చీలకుండా. చూడ్డానికి ముతకగా ఉంటుంది. కానీ ఎండకీ వానకీ ఉబ్బి కుంచించుకునే మన దేశపు కర్రని ఎరిగినవాడు పెట్టిన మర అది. నాకు ఆ ఫ్యాక్టరీ మీద గౌరవం పెరిగింది దాన్ని చూశాకే.

ఇక ఇనుము.

గొట్టం మీద కనిపించే నీలి నలుపు రంగు పెయింటు కాదు. అది కూడా తుప్పే. ఇనుము తుప్పు రెండు రకాలు. ఎర్రది వదులుగా ఉండి, తేమ పీలుస్తూ లోపలికి తింటూ పోతుంది. నల్లది గట్టిగా అంటుకుని ఉంటుంది, నూనెని పట్టి ఉంచుతుంది. పూర్వపు పనివాళ్ళు గొట్టానికి కావాలనే పలచగా ఎర్ర తుప్పు పట్టించి, దాన్ని మరిగే నీళ్ళలో ఉడికించేవాళ్ళు. ఎర్రది నల్లగా మారేది. పైన వదులుగా ఉన్న పొడిని సన్నని ఇనప పీచుతో తుడిచి, మళ్ళీ తుప్పు, మళ్ళీ ఉడకబెట్టడం. అలా పొర మీద పొర ఎక్కిస్తే వచ్చే నలుపుకి లోతు ఉంటుంది. తరవాత ఫ్యాక్టరీలకి ఇంత ఓపిక లేక, కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి 140 డిగ్రీల ప్రాంతంలో మరిగే తొట్టెలో ముంచి తీయడం మొదలుపెట్టారు. ఇంట్లో చేసే పని కాదది, చెయ్యి పడితే చర్మం మిగలదు. పాత జోడు గొట్టాల తుపాకుల్లో రెండు గొట్టాల్నీ మెత్తని టంకంతో అతికిస్తారు. ఆ తొట్టె ఆ టంకాన్ని తినేస్తుంది. ముంచేటప్పుడు ఒక తుపాకీ, తీసేటప్పుడు రెండు గొట్టాలు. మూడోది సీసాలో దొరికే సెలీనియం ద్రవం, గుడ్డతో పూసేది. అది విషం, పైగా పూసిన నలుపు నాలుగు రోజుల్లో చేతికి అరిగిపోతుంది. చిన్న గీత దాచడానికి సరిపోతుంది, అంతే.

అయితే నా భయం ఈ పూతల గురించి కాదు. పూతకి ముందు చేసే బఫింగ్ గురించి. కొత్త నలుపు మెరవాలంటే ముందు ఇనుము మెరవాలి. మెరవాలంటే తిరిగే చక్రానికి పట్టాలి. ఆ చక్రం మర రంధ్రాల అంచులని గుంటలు చేస్తుంది, పలకలుగా ఉన్నదాన్ని గుండ్రం చేస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా అక్షరాల్ని తినేస్తుంది. ఫ్యాక్టరీ ముద్ర, సంవత్సరం, తుపాకీ నంబరు. 1959 ఆయుధాల చట్టంలో ఎనిమిదో సెక్షన్ తుపాకీ మీది పేరునో, నంబరునో, గుర్తునో చెరపడాన్ని, తీసేయడాన్ని, మార్చడాన్ని నేరం అంటుంది. నేను చెరపలేదు, మెరుగు పెట్టించాను అంటే, ఆ మాట ఎవరికి రుజువు చేస్తారు? లైసెన్సు పుస్తకంలో రాసి ఉన్న నంబరు తుపాకీ మీద చదవడానికి రాకపోతే అమ్మకం సంగతి తరవాత, దాన్ని ఇంట్లో పెట్టుకోవడమే చిక్కు. అదే చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతు కూడా అందుకు లైసెన్సు ఉన్న చోటే చేయించాలి. ఇనప పని బాగా చేస్తాడని పక్క ఊరి లేత్ షాపుకి తీసుకెళ్ళే తెలివి మనకొద్దు.

మా టౌన్లో తుపాకుల షాపు మేస్త్రిని అడిగాను. ఆయన గొట్టం బయట చూడనే లేదు. బోల్టు తీసి, వెలుతురుకేసి పెట్టి, గొట్టం లోపలికి చూశాడు. "సార్, మీరు నలుపు అంటారు. కొనేవాడు లోపల గాడులు చూస్తాడు. ఇవి బాగున్నాయి. బయట తుప్పుని నూనె వేసి రాగి పైసాతో గీకండి, చాలు" అన్నాడు. రాగి ఇనుము కంటే మెత్తన, అందుకని తుప్పే లేస్తుంది గానీ కింద నలుపు అంతగా చెదరదు. గాడులు బాగుండడానికి కారణం మా నాన్నగారి అలవాటు. పాతకాలపు తూటాల టోపీ మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది ఉప్పుగా గొట్టంలో మిగిలి, గాలిలో తేమని లాగి, గాడుల్ని తింటుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. ఆయన పేల్చిన రోజు సాయంత్రమే గొట్టంలో వేణ్ణీళ్ళు పోసి, ఆరబెట్టి, ఆ తరవాతే నూనె పెట్టేవారు. తుపాకీలో నీళ్ళు పోస్తాడేమిటని ఊళ్ళో వింతగా చెప్పుకునేవారు.

ఇప్పుడు డబ్బు సంగతి.

పాత రైఫిల్‌కి పాతదనమే విలువ అన్న మాట అమెరికా నుంచి వస్తుంది. అక్కడ అది నిజం. రెండో యుద్ధం తరవాత సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్ళు ఆ దేశంలో పోస్టులో కారుచౌకగా దొరికేవి. 1963లో కెన్నెడీని చంపిన ఇటాలియన్ రైఫిల్ కూడా అలా పత్రికలో ప్రకటన చూసి, 20 డాలర్ల లోపు ధరకి తెప్పించుకున్నదే. 1968 చట్టం ఆ పోస్టు బేరాన్ని ఆపింది. ఆ చౌక రోజుల్లో వేలమంది తమ సైనిక రైఫిల్ ముందు కర్రని సగానికి కోసి, టెలిస్కోపు కోసం రంధ్రాలు పెట్టి, బఫింగ్ పట్టించి వేట తుపాకులుగా మార్చుకున్నారు. ఇవాళ సేకరించేవాళ్ళు కోసిన దానికి ఇచ్చే ధర కంటే ముట్టుకోని దానికి చాలా ఎక్కువ ఇస్తారు. మన ఇషాపూర్ 303లూ, 1960ల్లో 7.62 నాటో తూటాకి చేసిన ఇషాపూర్ రైఫిళ్ళూ మిగులు సరుకుగా అక్కడికి చేరాయి. టెక్సస్‌లోనో ఒహాయోలోనో ఉన్న మన తెలుగువాళ్ళకి ఏ తుపాకుల షాపులోనో ఇషాపూర్ ముద్ర కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మనిషి వల్ల వచ్చే విలువ ఇంకోటి. వేటగాడు జిమ్ కార్బెట్‌కి చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో బహూకరించిన రిగ్బీ రైఫిల్‌ని, నూరేళ్ళు దాటాక ఆ కంపెనీయే తిరిగి కొనుక్కుంది. దాని విలువంతా కర్రకి బిగించిన చిన్న వెండి పలకలో ఉంది. అప్పటి మన చిత్తూరు జిల్లా అడవుల్లో, చామల లోయలో, మామండూరు చుట్టుపక్కల తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలోని 405 వించెస్టర్ అయినా అంతే. మా నాన్నగారి రైఫిల్‌కి అలాంటి కథ లేదు. ఉందని నేను కల్పించబోను.

మన దేశంలో మామూలు 315కి ధర కట్టేది కాగితం. కొనేవాడికి లైసెన్సు ఉండాలి, అందులో ఆ బోరు కొనడానికి అనుమతి ఉండాలి. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణతో ఒకరి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే. దాంతో మూడోది ఉన్నవాళ్ళు దాన్ని వదిలించుకోక తప్పలేదు. అంటే కొనేవాళ్ళ సంఖ్యకి కట్టడి ఉంది, అమ్మేవాళ్ళు మాత్రం పెరిగారు. ఈ పరిస్థితిలో నల్లగా మెరిసే గొట్టానికి ఎవరో ఎక్కువ ఇస్తారనుకోవడం భ్రమ. లైసెన్సు ఉన్నవాడు ఎప్పుడో ఒకసారి కొంటాడు. ఆ ఒక్కసారి గాడులు, బోల్టు బిగువు, కర్రలో చీలిక చూస్తాడు. కొత్త పూత కనిపిస్తే దాని కింద ఏం దాచారోనని అనుమానపడతాడు కూడా. ఆ అనుమానం న్యాయమైనదే.

అమ్మే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు, నిదానంగా సాగుతుంది. ఫలానా నంబరు తుపాకీని ఫలానా పేరు, ఫలానా చిరునామా గల లైసెన్సుదారుకి అమ్మదలిచానని జిల్లా మేజిస్ట్రేట్‌కి గానీ దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక 45 రోజులు గడవాలి. ఆ తరవాతే చేతులు మారాలి, ఇద్దరి లైసెన్సుల్లోనూ ఆ మార్పు ఎక్కాలి. మిగిలిన తూటాలకీ లెక్క చెప్పాలి. కమిషనరేట్లు ఉన్న చోట లైసెన్సు వ్యవహారం కమిషనర్ ఆఫీసుది. డీలర్‌కి అమ్మితే తక్కువ ఇస్తాడు, కానీ కొనేవాణ్ణి వెతికే బాధ తప్పుతుంది.

అమ్మకపోతే? లైసెన్సుదారు పోతే ఆ తుపాకీ ఇంట్లో ఊరికే ఉండకూడదు. అనవసరపు ఆలస్యం లేకుండా స్టేషన్లోనో డీలర్ దగ్గరో జమ చేయాలి. చాలా ఇళ్ళలో దశదినకర్మ హడావుడిలో ఈ మాట ఎవరికీ గుర్తుండదు, తరవాత వారసులు ఇబ్బంది పడతారు. బతికుండగానే అప్పగించే దారి 2016 ఆయుధ నిబంధనల్లో ఉంది. లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండినా, తుపాకీ తన దగ్గర 25 ఏళ్ళు ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, వారసులు తమ పేర లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నాకు ఆ అర్హత వచ్చింది. మా అమ్మాయిని అడిగాను. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. "నాన్నా, ఇనప బీరువా కొనాలి, రెన్యువల్‌కి తిరగాలి, ఎలక్షన్ వస్తే స్టేషన్‌కి మొయ్యాలి. తాతయ్య జ్ఞాపకానికి ఆయన కళ్ళజోడు నా దగ్గర ఉందిగా" అంది. అబ్బాయి విదేశంలో ఉన్నాడు, వాణ్ణి అడగడంలో అర్థం లేదు. జ్ఞాపకం కోసం ఉంచుకోమనే బంధువులు ఉన్నారు. వాళ్ళెవరూ లైసెన్సు తీసుకోరు, ఉచిత సలహా మాత్రం ఇస్తారు. చట్టం తుపాకీని జ్ఞాపికగా చూడదు, ఆయుధంగా చూస్తుంది. అలా చూడడమే సబబని నాకూ అనిపిస్తుంది. బాధ్యత మోసే మనిషి లేని ఇంట్లో ఆయుధం ఉండకూడదు. అందుకని అమ్మడానికే నిశ్చయించుకున్నాను.

పక్క జిల్లా రైతు ఒకాయన వచ్చాడు, లైసెన్సు, అనుమతి అన్నీ సరిగ్గా ఉన్నవాడు. అటూ ఇటూ తిప్పి చూసి, "కర్ర బాగుంది గానీ, గొట్టం మచ్చలుగా ఉంది సార్. నలుపు వేయించి ఇస్తే మీరన్న రేటుకే తీసుకుంటా" అన్నాడు.

"నేను వేయించను. దానికయ్యే ఖర్చు రేట్లో తగ్గిస్తాను, మీకు కావాలంటే మీరు వేయించుకోండి. కానీ బఫింగ్ పట్టించకండి, నంబరు పోతుంది" అన్నాను.

ఆయన బోల్టు తీయమన్నాడు. తీసి ఇచ్చాను. చాలాసేపు గొట్టంలోకి చూశాడు. తల ఎత్తి, "ఇంక నలుపెందుకులెండి. తగ్గిస్తానన్నది మాత్రం తగ్గించండి" అన్నాడు.

తగ్గించాను. స్టేషన్లో కాగితం ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకున్నాను. 45 రోజుల గడువు నడుస్తోంది. ఈలోగా ఏ ఎన్నికల నోటిఫికేషనో వస్తే రైఫిల్ మళ్ళీ స్టేషన్‌కే పోతుందని ఆయనకి ముందే చెప్పాను. "పోతే పోనీండి, అక్కణ్ణుంచే తెచ్చుకుందాం. రసీదు మాత్రం ఎక్కడా పారెయ్యకండి" అన్నాడు.